ఉడతను కొట్టిన బాణం

సిరుగుప్పలో ఎక్కిన బస్సులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. తువ్వాలులో పొడుగాటిదేదో చుట్టి ఒడిలో పెట్టుకున్నాడు.

"ఏంది మామా అది?" అన్నాను.

"బాణమప్పా. మా ఉడతను సంపింది."

మంచాన పడిన ఆయన భార్య చేతిలోంచి ఆ ఉడత రోజూ శెనక్కాయలు తినిపోయేదట. వేట సరదా ఉన్న పక్కింటివాడు ఆమె కళ్లముందే విల్లెక్కుపెట్టి దాన్ని కొట్టాడట.

"మూడు దినాల నుంచి ఆమె మెతుకు ముట్టలే. అడగబోతే, ఉడతే కదా అని నవ్వినాడప్పా. ఇప్పుడు కెంచనగుడ్డలో కూతురింట్లో ఉండాడంట. వాని బాణం వానికే ఇచ్చొస్తా."

చెబుతూనే తువ్వాలు విప్పి, బాణం మొనను బొటనవేలితో తడిమి చూసుకున్నాడు.

కెంచనగుడ్డలో బస్సు ఆగగానే లేచాడు. నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి ఉండొచ్చు. వాడు నవ్వాడన్న మాటకు నాకూ ఒళ్లు మండుతూ ఉండింది. కాళ్లు ముడుచుకుని ఆయనకు దారిచ్చాను.