కింది వరుస నేనే చదివాను

పన్నెండేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. ఒకటి కాదు, రెండు. మొదటిదానికి నేను సిగ్గుపడను. చదువుతూ మధ్యలో నా మీద జాలిపడతారేమో, అందుకే ముందే చెబుతున్నాను.

నేను రైల్వే ఆసుపత్రిలో కంటి పరీక్షలు చేసేదాన్ని. నేను రాసిన కాగితం మీద డాక్టరు గారు సంతకం పెట్టేవారు.

నల్లరాణి ఒకప్పుడు ఎక్స్‌ప్రెస్ బళ్లు లాగిన ఆవిరి ఇంజన్. ఏళ్ల తరబడి మ్యూజియం ముందు నిలబెట్టాక బాగుచేసి, ఏడాదికి కొన్నిసార్లు ఖమ్మం నుంచి భద్రాచలం రోడ్డు స్టేషను దాకా నడిపేవారు. దాని ముందు ఫోటో దిగని ఇల్లు మా ఊరు ఖానాపురం హవేలిలో లేదు. నడిపేది రాజలింగం గారు. రిటైరైన మనిషే, కానీ ఆ ఇంజన్ తెలిసినవాళ్లు ఇంకెవరూ లేక మళ్లీ పిలిపించారు.

పన్నెండేళ్ల కింద కంటి పరీక్షకొచ్చి, కళ్లు చికిలించి చార్టు చూశారు.

"మూడో వరుస దాంక కనపడ్తుంది బిడ్డా. కిందంత మసక."

"ఆపరేషన్ చేయించుకో పెద్దయ్యా. మూడు నెలల్ల మళ్ల నడపొచ్చు."

"అప్పటిదాంక రాణిని ఆగనిస్తరా? మళ్ల మ్యూజియం కాడనే నిలబెడ్తరు. జర చెప్పు, కింద ఏమున్నయో."

పక్క గదిలో డాక్టరు గారికి వినపడాలి కదా. నేను గుసగుసగా అక్షరం అందించాను, ఆయన గట్టిగా పలికారు. 'ఫిట్' అని రాశాను.

ఎందుకు రాశాను? ఆయన మీద జాలితోనా? కాదు. చప్పుడు విని ఇంజన్‌లో ఏ భాగం అలసిందో చెప్పగలిగే మనిషిని ఒక అట్టముక్క ఆపడం నాకు నచ్చలేదు. పక్కన బొగ్గు వేసే ఫైర్‌మన్ ఉంటాడు, సిగ్నళ్లు అతను చూస్తాడు అనుకున్నాను. రైలు పెట్టెల నిండా పిల్లలుంటారని తెలియదా? తెలుసు. తెలిసే రాశాను.

తర్వాతి ఆదివారం ప్రథమ చికిత్స పెట్టెతో నేనూ అదే బండిలో డ్యూటీలో ఉన్నాను. అడవిలో మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి చూశాను. పట్టాల పక్కన ఒక మనిషి తువ్వాల ఊపుతూ పరిగెత్తుకొస్తున్నాడు. ఫైర్‌మన్ అప్పుడు వంగి బొగ్గు వేస్తున్నాడట. బండి అదిరి, కీచుమంటూ ఆగింది.

దిగి చూస్తే ఒక తెల్ల ఎద్దు చచ్చి పడివుంది. దాని మెడ మీద చెయ్యి వేసుకుని ఆ మనిషి కూర్చున్నాడు. సోమయ్య అనే కోయ రైతు.

రాజలింగం గారు నా పక్కకొచ్చి, నాకు మాత్రమే వినపడేలా అన్నారు. "తెల్లగ ఏదో అగుపడ్డది బిడ్డా. ఆవిరనుకున్న."

సోమయ్య తలెత్తాడు. "దాని కాలు పట్టాల సందుల ఇరికింది. తువ్వాల ఊపుకుంట ఉరికిన. డ్రైవర్‌కు కనపళ్లేదా అమ్మా?"

చుట్టూ బండిలో వచ్చిన రైల్వే ఆఫీసర్లు. అందరూ నన్నే చూస్తున్నారు.

"కనపడకేంది? తువ్వాల లేదు, ఏం లేదు. జల్దీ దాటిద్దామని నువ్వే ఎద్దును బండి ముందుకు తోలినవ్. నేను చూసిన."

నా మాటే రాసుకున్నారు. కేసు సోమయ్య మీద పడింది. ఆ వానాకాలం ఒంటి ఎద్దుతో దున్నలేక, పొలం బీడు పెట్టి ములకలపల్లి వైపు కూలికి వెళ్లాడని విన్నాను.

రాజలింగం గారు మళ్లీ ఇంజన్ ఎక్కలేదు. కింద నిలబడే ఇద్దరికి నేర్పి, నిరుడు పోయారు. నల్లరాణి ఇప్పటికీ నడుస్తోంది. ఆ రోజు నేను 'అన్‌ఫిట్' అని రాసివుంటే అది నడిచేది కాదు. ఎద్దు స్థానంలో మనిషి ఉంటే అని మీరు అడగొచ్చు. నన్ను నేను అడగని రోజు లేదు. అయినా ఆ చార్టు ముందు మళ్లీ కూర్చోబెడితే ఆ అక్షరాలు మళ్లీ అందిస్తానేమో. తిట్టుకోండి.

కానీ సోమయ్యతో అన్న మాటకు నా దగ్గర ఏ వాదనా లేదు. ఆయన ఎద్దును బండి చంపింది. ఆయన నిజాన్ని నేను చంపాను. అది కూడా ఎవరూ బలవంతపెట్టకుండానే.

దీని నకలు ఒకటి సంతకం పెట్టి, ఆనాడు నా మాట రాసుకున్న రైల్వే ఆఫీసుకే పంపుతున్నాను, ఇంకొకటి సోమయ్యకు. వాళ్లేం చేసుకుంటారో చేసుకోనీ. సోమయ్య నా మొహం మీద ఉమ్మినా తుడుచుకుంటాను, క్షమించమని మాత్రం అడగను.

సోమయ్య తప్పు లేదు. నేను అబద్ధం చెప్పాను.

రాశాను. ఆకలేస్తోంది. వెళ్లి అన్నం వడ్డించుకుంటాను.