సాఫ్ చేసి పెట్టిన డిస్కు

కంప్యూటర్లో విండోస్ బదులు జనం లినక్స్ ఎందుకు వాడరు అన్న చర్చకు నా జీవితంలో కనీసం నలభై ఆదివారాలు తగలేశాను. అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటరు, మూడో అంతస్తు, ఏసీ ఆపేసిన క్లాసురూము, డజను మంది మగవాళ్ళం. అందరూ గడ్డాలు పెంచేవారు. నాకు సరిగ్గా పెరిగేది కాదు. ఆ లోటును అభిప్రాయాలతో పూడ్చుకునేవాణ్ణి.

మా వాదన చాలా తేలిక. విండోస్ అయితే కొనాలి, లేదా దొంగ కాపీ వాడాలి. మాది ఉచితం. ఉచితమైనదాన్ని వద్దనేవాడు మూర్ఖుడు. వాళ్ళ పనికి అది ఉచితమా, అనుచితమా అని మాలో ఒక్కడూ అడగలేదు. తెలుగు మీడియంలో చదివొచ్చిన నాకైనా తట్టి ఉండాల్సింది. ప్రతి వారం ఒకటే తీర్పు: జనానికి తెలివి లేదు. తీర్పు అయ్యాక లినక్స్ రకాల్లో ఏది గొప్పదో కొట్టుకునేవాళ్ళం. డజను మందికి తొమ్మిది రకాలు. బోర్డు మీద ఒక మూలన, ఎవరెన్ని కంప్యూటర్లను ‘మార్చారో’ సుద్దముక్కతో గీతలు. నా పేరు పక్కన బోర్డు నున్నగా ఉండేది.

మిగతా రోజుల్లో అదే గదిలో నేను లినక్స్ పాఠాలు చెప్పేవాణ్ణి. అదీ విండోస్ కంప్యూటర్ల మీదే, తెర మధ్యలో చిన్న పెట్టెలాంటిది తెరిచి. స్వాతంత్ర్యాన్ని కిటికీలోంచి చూపించి జీతం తీసుకునేవాణ్ణి. వచ్చేవాళ్ళంతా సర్వర్ ఉద్యోగాల కోసం వచ్చేవాళ్ళు. ఒకసారి ఒకతను అడిగాడు:

“సార్, ఇది ఇంట్ల కంప్యూటర్ల ఏసుకుంటే పాటలొస్తయా?”

“వస్తాయి. కొంచెం కష్టపడాలి.”

“పాటలకు కష్టపడుడేంది సార్?”

క్లాసంతా నవ్వింది. వాళ్ళకీ తెలివి లేదని ఆ ఆదివారం రిపోర్టు ఇచ్చాను.

నా పేరు పక్కన మొదటి గీత పడే అవకాశం పంజాగుట్టలో దొరికింది. నా గది ఉన్న సందులోనే ఒక భాయ్ టైపింగ్ షాపు నడిపేవాడు. యాభై దాటినవాడు, ఇంట్లో దక్కనీ ఉర్దూ, షాపులో తెలుగు. తెలుగు టైపు చేస్తుంటే కీబోర్డు వైపు చూసేవాడు కాదు, వచ్చినవాళ్ళతో మాట్లాడుతూనే పేజీ దించేవాడు. ఒక సోమవారం నన్ను ఆపాడు.

“సార్, చెకింగులు అయితున్నయంట. దొంగ సాఫ్ట్‌వేర్ దొరికితే మిషన్ ఎత్తుకపోతరంట. మీదేదో ఫ్రీ అంటరు గదా, జర పెట్టున్రి.”

“ఇవాళే పెడతాను భాయ్.”

“కానీ బేస్తవారం బోరబండ స్కూలు తెలుగు పేపరు ఇయ్యాలె. ఆ బడి పరీక్ష పేపర్లన్నీ నాకే వస్తయి. ఒక్కటి ఆలస్యమైనా పెద్ద మేడం ఎదురుంగున్న షాపుకు పోతది. మల్ల వాపస్ రాదు.”

“మీరేం ఫికర్ చేయకండి,” అన్నాను. హైదరాబాదు మాటలు నేను అభయమివ్వడానికే వాడేవాణ్ణి.

సాయంత్రం సీడీ పట్టుకుని వెళ్ళాను. “డిస్కు సాఫ్ చేసి పెట్టిన సార్,” అన్నాడు. నిజంగానే ఖాళీగా ఉంది. సంతోషించాను. ఇన్నేళ్ళ పని, పాత పేపర్లు, పెళ్ళికార్డులు ఏమయ్యాయని అడగాలని నాకు తట్టనే లేదు. మా జాతికి అది తట్టదు. ఒకరి కంప్యూటర్లో అంతకుముందు ఏముందన్నది మాకు అనవసరం, దాని మీద మేమేం వేస్తామన్నదే ముఖ్యం.

లినక్స్ ఎక్కింది. తెర మీద నీలం రంగు చూసి భాయ్ “మస్తుంది” అన్నాడు. తరవాత టైపు చేయబోయాడు. లినక్స్‌లో తెలుగు కీబోర్డు వరస వేరు. పాతికేళ్ళుగా దారి తప్పని వేళ్ళు ఆ రోజు అక్షరాల కోసం తడుముకున్నాయి. తడుముకుని కొట్టిన ‘రాష్ట్రం’ తెర మీద ముక్కలైంది.

“గిదేంది సార్? తలకట్టు ఒకదిక్కు, వత్తు ఒకదిక్కు పోయినయి. పేపరు రాసే పోరగాళ్ళు సుత ఇంతకన్న మంచిగ రాస్తరు.”

వత్తు సంగతి నేను చూసుకుంటానన్నాను, ఒత్తిడి ఆయనకు వదిలేసి. ప్రింటరైతే నలభై కాగితాల్ని మింగి, ఒక్కోదాని నెత్తిన ఒక్కో పిచ్చి లైను కక్కింది.

మంగళవారం మా గుంపుకి మెయిల్ పెట్టాను. ఒకడు మాన్యువల్ చదవమన్నాడు. ఇంకొకడు ప్రింటరు మార్చమన్నాడు. మూడోవాడు అసలు నేను పెట్టిన లినక్స్ రకమే తప్పన్నాడు. ఆ తరవాతి ఆరు జవాబులూ వాడికీ మిగతావాళ్ళకీ జరిగిన యుద్ధం. చివరివాడు మాత్రం సమస్య మూలానికి వెళ్ళాడు: తెలుగుతో అంత ఇబ్బందైతే పేపరు ఇంగ్లిషులో ఇవ్వమనండి. తెలుగు పరీక్ష పేపరు! చదివి నాకు కోపం రాలేదు. ఒక క్షణం ఆలోచించాను కూడా. ఇన్నేళ్ళ తరవాత నన్ను నేను ఎక్కువగా అసహ్యించుకునేది ఆ ఒక్క క్షణానికే.

బుధవారం రోజంతా షాపులో కూర్చుని, రాని పనిని వచ్చినట్టు చేశాను. ఏమీ కుదరక చివరికి మా వాళ్ళందరూ చెప్పే మాటే చెప్పాను.

“సోర్సు, అంటే ప్రోగ్రాము రాసిన కోడు, మొత్తం మీ చేతిలోనే ఉంటుంది భాయ్. ఎవరి దగ్గరికీ పోనక్కర్లేదు, మీరే సరిచేసుకోవచ్చు.”

ఆయన తన చేతుల్ని చూసుకున్నాడు. “నా చేతులల్ల ఏమున్నది సార్? టైపింగున్నది, గంతే.”

గురువారం పదకొండింటికి పెద్ద మేడం వచ్చేసింది. “అయిందా భాయ్?” అంది, ఎదురుగా ఉన్న షాపు బోర్డు చదువుతూ.

“అయిపోయినట్టే మేడం. జర చాయ్ తాగి రాన్రి, అరగంట.”

ఆవిడ మెట్లు దిగగానే భాయ్ సొరుగు లాగాడు. ఉర్దూ పేపర్లో చుట్టిన పొట్లం తీసి, స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. పొట్లంలో ఆయన పాత డిస్కు ఉంది.

“మరి నేను పెట్టింది?”

“అది సెకండ్‌హ్యాండ్ల కొన్నది సార్. మీరు పెట్టనీకే కొన్న.”

“ఇది ఉంచుకుని మూడు రోజులు ఆగారేంటి? సోమవారమే మార్చేయాల్సింది కదా!”

“మీరు రోజు వచ్చి అంత ఇష్టంతోని కూసుంటిరి. ఎట్ల లేపాలె? బేస్తవారం దాక చూద్దామనుకున్న.” నవ్వుతూ కంప్యూటరు మూత తెరిచాడు. “చెకింగు వస్తే అప్పుడు మీది పెట్టి చూపిస్త.”

డిస్కు మారింది. వేళ్ళకు దారి దొరికింది. ‘రాష్ట్రం’ ఒక్క ముక్కగా నిలబడింది. మేడం వచ్చేసరికి ప్రింటర్లోంచి చివరి పేజీ వేడిగా బయటికొస్తోంది. వేలితో గీస్తూ ప్రతి వత్తూ చూసుకుని, “వచ్చేవారం సాంఘికశాస్త్రం పంపిస్తా” అని వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం చర్చ మామూలే. జనం ఎందుకు వాడరు? తెలివి లేక. నా వంతు రాగానే పంజాగుట్టలో ఒక టైపింగ్ షాపు అన్నాను. చప్పట్లు కొట్టారు. ఒకడు లేచి నా పేరు పక్కన గీత గీశాడు. వద్దనలేదు.

తరవాత కూడా ఆ సందులోంచి రోజూ వెళ్ళేవాణ్ణి. భాయ్ టైపు ఆపకుండానే తలెత్తి, మోకాలితో సొరుగును తట్టి చెప్పేవాడు:

“మీది భద్రంగున్నది సార్.”