ఉప్పు లేని నీళ్లు

మొన్న మోండా మార్కెట్లో ఎండురొయ్యల బుట్ట దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. వెనకాల వస్తున్న కూతురు ముక్కు మూసుకుని, "అమ్మీ, నడువ్, ఏం కంపు!" అని చెయ్యి పట్టి లాగింది. ఎక్కడ కదులుతాను? నాకది కంపు కాదు, ఎస్తేరు మేడమ్ లంచ్ డబ్బా.

మురుగునీటి శుద్ధి ప్లాంట్లకు డిజైన్లు గీసే సికింద్రాబాదు కంపెనీ మాది. మేడమ్ అందులో పెద్ద ఇంజనీరు, నేను కొత్తగా చేరినదాన్ని. మేడమ్ కోస్తా నుంచి వచ్చి మెట్టుగూడలో చిన్న పోర్షన్‌లో ఒక్కరే ఉండేవారు. ఆమెకు నా అన్నవాళ్లంటే అక్క మరియమ్మ ఒక్కతే. ఏరు సముద్రంలో కలిసే చోటిని వాళ్ల వైపు మొగ అంటారు. ఆ ఉప్పునీళ్లలో ఆల్చిప్పల్లాంటి గుల్లలేరి అమ్మి, రొయ్యలెండబెట్టి, చెల్లెల్ని ఇంజనీరును చేసిన మహాతల్లి ఆవిడ. ఆ అక్క పంపిన ఎండురొయ్యలతో వండిన కూర డబ్బా మూత తీస్తే చాలు, ఆఫీసంతా పరార్. నేను మాత్రం ఆనుకుని కూర్చునేదాన్ని. "రజియా, నీకు ముక్కు లేదా?" అని నవ్వేవారు. "ఆకలున్నది మేడమ్" అనేదాన్ని.

మేడమ్ వాళ్ల ఊరి మురుగంతా తిన్నగా మొగలోకే పోయేది. అక్కడ ప్లాంటు కట్టే పని మాకు రాగానే మేడమ్ చిన్నపిల్లలా ఎగిరి గంతేశారు. సొంత ఊరు కదా, తిండీ నిద్రా మాని గీశారు. ప్రారంభం నాడు శుద్ధిచేసిన నీళ్లు గ్లాసులో పట్టి, అందరి ముందూ గటగటా తాగేశారు. నేను పక్కనే నిలబడి చూశాను. జనంలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మరియమ్మక్కే.

ఏడాది తిరక్కుండానే రొయ్యల పొట్లాలు ఆగిపోయాయి. ఒకరోజు అక్క ఆఫీసుకు ఫోన్ చేసింది. ఆవిడ అరుపు పక్కనున్న నాకూ వినిపించింది. "నీళ్లు అద్దంలా ఉన్నాయే. గుల్ల ఒక్కటీ బతకలేదు. నా నోట్లో మట్టి కొట్టావు కదే చెల్లీ!" మేడమ్ ఆ సాయంత్రమే రైలెక్కారు. తిరిగొచ్చాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు.

"వరదొచ్చి మొగలో నీళ్లు చప్పబడితే గుల్ల చస్తుంది. మళ్లీ ఉప్పెక్కితే పుడుతుంది. చిన్నప్పుడు నాకు బాగా తెలిసిన సంగతే. నేనేమో చుట్టుపక్కల ఊళ్ల మురుగు కూడా అక్కడికే మళ్లించి, ఉప్పు లేని నీళ్లు ఆగకుండా వదిలాను. ఇప్పుడక్కడ ఏడాది పొడుగునా వానాకాలమే రజియా."

"పరేషాన్ గాకుండ్రి మేడమ్. పైపు సముద్రం దాంక ఏస్తే అయిపాయె గద?"

"వెయ్యాలి. ముందు తప్పు మనదని ఒప్పుకోవాలి."

మీటింగులో ఆ మాటే అన్నారు. మా యజమాని మండిపడ్డాడు. "నీళ్ల పరీక్షలన్నీ పాసైనయ్ గదమ్మా! మన తప్పని మనమే చెప్పుకుంటే రేపు పనెవడిస్తడు?" మేడమ్ లేచి నిలబడి, "డిజైన్ నాది, తప్పూ నాదే" అన్నారు. మర్నాటి నుంచి ఆమె చేతిలో పని లేదు, పలకరించే మనిషి లేడు. డబ్బాలో ఉత్త పప్పన్నమే, అయినా దగ్గరికి ఎవరూ రాలేదు. ఎంత ఒంటరివారైపోయారో తలచుకుంటే నాకిప్పటికీ కోపమొస్తుంది. ఆమె మాత్రం కాళ్లరిగేలా అధికారుల చుట్టూ తిరిగారు. రిటైరయ్యే ముందు పైపు సముద్రంలోకి చేరింది. అప్పటికీ అక్క ఫోనెత్తలేదు.

రిటైరైన వారమే ఊరికి బయల్దేరారు. సికింద్రాబాద్ స్టేషన్లో సంచి అందిస్తూ అడిగాను.

"అక్క పిలిచిందా మేడమ్?"

"తప్పు చేసింది నేను. పిలుపు ఆవిడ పంపాలా?"

తిరిగొచ్చారని తెలిసి మెట్టుగూడకు పరుగెత్తాను. "మాట్లాడిందా?" అన్నాను. తల అడ్డంగా ఊపారు. "అన్నం పెట్టింది. పెట్టి గోడవైపు తిరిగి కూర్చుంది. తినేసి వచ్చాను" అన్నారు.

"మళ్ల పోతరా?"

"పోకుండా ఉంటానా? వచ్చే నెల వెళ్తాను."

మేడమ్ పోయి చాలా కాలమైంది. ఎవరి పట్లనైనా తప్పు చేశానని నాకు తెలిస్తే నేను పిలుపు కోసం ఆగను. వెళ్లి వాళ్ల గుమ్మంలో నిలబడతాను. అన్ని తలుపులూ తెరుచుకోలేదు. తెరుచుకోనప్పుడు యాప్రాల్‌లో మా ఇంటికొచ్చి, ఒక్కదాన్నే చాయ్ పెట్టుకుని తాగి, కొన్నాళ్లాగి మళ్లీ వెళ్తాను.