మళ్ళీ చదివిన ఇల్లు

పలివెల కొప్పులింగేశ్వరస్వామికి ముందుగా నా నమస్కారం. నోరిచ్చినవాడు ఆయన. ఆ నోటికి నాలుగు మంచి మాటలు పట్టించినవాడు ఆయన. అది జారినచోట పట్టి నిలబెట్టినవాడూ ఆయనే. ఆయన దయ చెప్పుకున్నాకే నా సంగతి.

ఆ స్వామి మండపంలో ముప్ఫై ఏళ్ళుగా పురాణం చదువుతున్నాను. కార్తీకమంతా ప్రతిరోజూ, మిగతా నెలల్లో సోమవారాలు. మైకు లేని రోజుల్లో కూడా చివర కూర్చున్నవాళ్ళకు నా గొంతు వినిపించేది. నాకు చదవడం నేర్పిన మా నాన్నగారు ఒక నియమం పెట్టారు. తప్పు చదివితే చెవులు పట్టుకుని, వెనక్కి వెళ్ళి, ఆ తప్పు విన్నవాళ్ళ ఎదుటే మళ్ళీ సరిగ్గా చదవాలి. వాళ్ళు లేచి వెళ్ళిపోయి ఉంటే, మర్నాడు వచ్చి కూర్చున్నాక చదవాలి. ఇంట్లో ఒంటరిగా దిద్దుకుంటే చెల్లదు.

మా తమ్ముడు అమలాపురంలో ఇళ్ళ బేరాలు చేస్తాడు. పాత ఇళ్ళను ఫోనులో వీడియో తీసి నలుగురూ చూసేలా పెడతాడు. రెండేళ్ళ క్రితం ఒకరోజు వచ్చి, "అక్కా, నేను చెబితే సంతలో అరిచినట్టుంటాది. నువ్వు చదివితే దేవుడే చెప్పినట్టుంటాది" అన్నాడు. అప్పటినుంచి వాడు రాసిచ్చిన కాగితాలు మా అరుగు మీద కూర్చుని చదివేదాన్ని; ఆ గొంతు వాడు వీడియోలకు కలిపేవాడు. బస్సులో ముక్కూమొహం తెలియనివాళ్ళు "ఇళ్ళ గురించి చెప్పే అమ్మగారు మీరేనాండి?" అంటే పొంగిపోయేదాన్ని. ఆ ఇళ్ళలో ఒక్కటీ నేను చూడలేదు.

ఒక సోమవారం పురాణం అయ్యాక ఒకావిడ దగ్గరికి వచ్చింది. రొయ్యల షెడ్డులో పని ఆమెకు. భర్త గోదావరిలో చేపల వేట చేస్తాడు. వారం వారం వెనక స్తంభం దగ్గర కూర్చుని వింటుంది.

"శుక్రవారం బయానా ఇత్తన్నామండి, ముక్తేశ్వరం అవతల పెంకుటింటికి. మీరు చదివిందేనండి."

"లోపలంతా చూసుకున్నారా అమ్మా?"

"తాళమేసుందండి. బయట్నుంచి చూసేం. అయినా మీరు చదివేరు కదండీ. ఈ నోట అబద్ధం వత్తాదాండి?"

అద్దె ఇంటివాళ్ళు వానల్లోగా ఖాళీ చేయమన్నారట. కడుపు కట్టుకుని దాచుకున్నదంతా ఆ పెంకుటింటికే.

మర్నాడు పొద్దున్నే తమ్ముడి చేత ఆ తాళం తీయించాను. నేను చదివిన మాటలు నాకు కంఠతా ఉన్నాయి. టేకు దూలాలని చదివాను. ఒక్కటే టేకు, మిగతావి తాటివి. వేలితో కొడితే చెదపొడి రాలింది. కాలవ గట్టున ఇల్లని చదివాను. అది రొయ్యల చెరువుల మురుగు వదిలే కాలవ. కొత్త సున్నం కింద, నా భుజం ఎత్తున, వరదనీళ్ళు నిలిచిన చార గోడ పొడుగునా కనిపిస్తూనే ఉంది. తియ్యని నుయ్యి అని చదివాను. చేద వేసి తోడి, నోట్లో పోసుకుని, ఉమ్మేశాను.

"ఇది తీపట్రా?"

"ఒకప్పుడు తీపేనక్కా. చెరువులొచ్చేక కొంచెం తేడా చేసింది."

"కొంచెమా?"

"కూరలోకి ఉప్పు కొనక్కర్లేదు" అని నవ్వబోయాడు. నా మొహం చూసి మానేశాడు. "పోనీ, వీడియో తీసేత్తాన్లే."

"తీసేస్తే విన్నవాళ్ళు విన్నట్టే ఉండిపోతారు. ఫోను పట్టుకో. మళ్ళీ చదువుతాను."

"ఇది పురాణం కాదక్కా, బేరం! ఇల్లుగలాయన నన్ను మళ్ళీ గుమ్మం తొక్కనివ్వడు."

"గొంతు నాదిరా. పట్టుకో."

పట్టుకున్నాడు. ఆ గోడ ముందు నిలబడి చెవులు పట్టుకున్నాను. ఈ ఇంటి గురించి ఇదివరకు చూడకుండా తప్పు చదివాననీ, ఇప్పుడు చూసి చదువుతున్నాననీ చెప్పి, దూలం మొదలు నుయ్యి దాకా ఒక్కొక్కటీ చూపించాను. ముప్ఫై ఏళ్ళలో నేను అంత బాగా చదివిన రోజు లేదు. ఈ మాట సిగ్గుపడకుండా చెబుతాను. మొదటి వీడియో పెట్టినచోటే దీన్నీ పెట్టించాను.

అంతటితో ఊరుకోలేదు. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళి, పక్కన కూర్చుని చూపించాను. ఆవిడ చివరిదాకా చూసింది. కోప్పడలేదు.

"మరి మేం ఎక్కడుంటావండి?" అంది.

తమ్ముడు తల గోక్కున్నాడు. "కొత్తపేట వైపు ఒకటుందండి. రెండు గదులు. చెప్పుకోడానికేం లేదని వీడియో కూడా తియ్యలేదు."

"చెప్పుకోడానికి ఏమీ లేని ఇల్లే చూపించు" అన్నాను.

ఈసారి అందరం కలిసి వెళ్ళాం. పంచాయతీ కుళాయి ఉంది. గోడల మీద వరద చార లేదు. ఇరుగుపొరుగును అడిగితే నీళ్ళు ఎప్పుడూ వీధి దాటి రాలేదన్నారు. వంటింట్లో పొయ్యి పక్కన పెంకులు పగిలి కారిన మరక ఉంది. ఆ చోటు వేలు పెట్టి చూపించాను. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకుని సరేనన్నారు. వానలకు ముందే ఆ ఇల్లు వాళ్ళదైంది.

పెంకుటింటాయన నిజంగానే మా తమ్ముణ్ణి గుమ్మం తొక్కనివ్వలేదు. నెల్లాళ్ళు వాడు నాతో ముభావంగా ఉన్నాడు. ఇప్పుడు ఫోను చేసినవాళ్ళు "అమ్మగారు చూసొచ్చేరాండి?" అని ముందు అడుగుతున్నారట. సణుక్కుంటూనే కారు మా గుమ్మం ముందు ఆపుతున్నాడు.

మొదటి పెద్దవాన పడ్డ మర్నాడు ఆవిడ మండపానికి నవ్వుతూ వచ్చింది.

"కారిందండి! మీరు వేలెట్టి చూపించిన చోటేనండి. బిందె సరిగ్గా అక్కడే ఎట్టేం. ఒక్క చుక్క పక్కన పడలేదండి."

నాకు కప్పిన శాలువాలు బీరువా నిండా ఉన్నాయి. ఆ బిందెకు సాటివచ్చేది వాటిలో ఒక్కటీ లేదు.

ఇది చదివిన మీరు కూడా ఒక్క క్షణం నాతో చేతులు జోడించండి. స్వామీ, కార్తీకం వచ్చేలోగా ఆ వంటింటి మీద నాలుగు కొత్త పెంకులు పడేలా చూడు. చూడనిదాన్ని చూసినట్టు చెప్పబోయే నోటిని, అది నాదైనా సరే, ముందే ఆపు.