ఆరు మూడైన రోజు

2023 వర్షాకాలం. హౌరా స్టేషన్ దగ్గర ఒక చిన్న కంప్యూటర్ సెంటర్‌లో నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్త. నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టేవి. నా విద్యార్థుల్లో పైడమ్మగారు నాకంటే పెద్దావిడ, పక్క స్టేషన్ టికియాపారాలో రైల్వే క్వార్టర్స్‌లో ఉండే తెలుగింటి కోడలు. ఆ రోజు ఆమె ప్రోగ్రామ్ నెగ్గితేనే పై బ్యాచ్‌లో సీటు.

"ఈసారి తప్పితే పిల్లల్ని మళ్లీ మా అత్త మీద ఒదిలీలేను, మేడమ్. ఇదే ఆకరు" అంది.

చేయాల్సింది ఇదీ: మామూలు సంఖ్యను బైనరీలోకి, అంటే సున్నా, ఒకటి మాత్రమే ఉండే లెక్కలోకి మార్చాలి. రెండుతో భాగిస్తూ పోయి, ప్రతిసారీ మిగిలే రిమైండర్‌ను పేర్చుకోవాలి.

పరీక్షించేది మా సీనియర్. బెంగాలీ ఆయన, అందరికీ దాదా, అంటే అన్నయ్య. ఐదు కొట్టారు: 101. ఏడు: 111. తొమ్మిది: 1001. అన్నీ సరిగ్గా వచ్చాయి. పైడమ్మగారు కొంగు సర్దుకుని నా వైపు గర్వంగా చూసింది.

దాదా ఆరు కొట్టారు. 011 వచ్చింది.

"ఇది మూడు కదా దీదీ! ఆరు సందేశ్ మిఠాయిలు తెమ్మంటే సగం దారిలోనే తినేశారా?"

క్లాసంతా నవ్వింది. పైడమ్మగారు నా చెవి దగ్గరకు వంగింది. "ఏటి మేడమ్, ఐదుకీ తొమ్మిదికీ లేని రోగం ఈ ఆరుకేటి?"

దాదా తన చాయ్ అయ్యేదాకా గడువిచ్చారు. నేను కీబోర్డు ముట్టకూడదు, జవాబు చెప్పకూడదు, ప్రశ్న అడగొచ్చు. తప్పెక్కడో నాకు కనబడింది కానీ అందరూ చూస్తుంటే ప్రశ్నను మనసులోనే పదిసార్లు వల్లించుకున్నాను. మట్టి కప్పులో చాయ్ సగానికి వచ్చింది.

"పైడమ్మగారూ, హౌరాలో లోకల్ రైలు ఎక్కితే టికియాపారాలో ముందు ఎవరు దిగుతారు?" అన్నాను చివరికి.

"అదేం పెశ్న? ఆకర్న ఎక్కి తలుపుకాడ నిలబడ్డోలు. ముందెక్కినోలు లోపల ఇరుక్కుపోయి, దాదా జరగండి, దాదా జరగండి అని అరుస్తంటారు..." అంటూ ఆగిపోయింది. "ఓలమ్మో! నా రిమైండర్లలో ముందెక్కినోడే ముందు దిగిపోతన్నాడు!"

ప్రోగ్రామ్‌లో ఒక్క లైను మార్చింది. కొత్త రిమైండర్‌ను చివర తగిలించడం మాని ముందు చేర్చింది. ఆరు: 110. దాదా చాయ్ పక్కన పెట్టి పన్నెండు కొట్టారు: 1100.

"పై బ్యాచ్‌కి వచ్చేయండి, దీదీ."

పైడమ్మగారు అందరి ముందూ నన్ను వాటేసుకుంది.

ఐదు, ఏడు, తొమ్మిది బైనరీలో ఎటునుంచి చదివినా ఒకటే. అందుకే తలకిందుల ప్రోగ్రామ్ కూడా వాటి దగ్గర బుద్ధిగా కనిపించింది. అప్పటినుంచీ ఎవరి ప్రోగ్రామ్‌కైనా నేను ముందు ఆరే ఇస్తాను.

ఆ సాయంత్రం ఇద్దరం ఒకే లోకల్‌కి వెళ్లాం. నేను దిగేదీ టికియాపారాలోనే. జరగండి అనడానికి మొహమాటపడి ఎన్నోసార్లు తర్వాతి స్టేషన్‌దాకా పోయినదాన్ని. అలవాటుగా ముందే ఎక్కబోతుంటే పైడమ్మగారు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆకర్న ఎక్కండి, మేడమ్. పాటం నాకొక్కదానికేనా?"