గాజుపెట్టెలో ప్రేయసి, వంటింట్లో స్టూలు

మా బావ ఫ్రిజ్ మెకానిక్. ఏ ఇంటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించడు. ఫ్రిజ్‌కి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, "దీనికి ఆయాసం" అంటాడు. ఆయన మాట తప్పిందని ఇంతవరకూ వినలేదు. సొంత ఫ్రిజ్ తలుపు మాత్రం ఏడాదిగా సరిగ్గా పడడం లేదు. అక్క దానికో చెక్క స్టూలు అడ్డం పెట్టి, పాలగిన్నె కావలసినప్పుడల్లా కాలితో జరుపుతూ కాపురం వెళ్ళదీస్తోంది.

పెళ్ళై పాతికేళ్ళు నిండిన రోజున అక్క నగలడగలేదు, సినిమా అడిగింది. "కానీ ఒక్క మాట. ఇన్నేళ్ళలో ఒక్క సినిమా కూడా మీరు నోరు మూసుకుని చూసింది లేదు. ఇవాళ నోరు విప్పారో, మనం కలిసి చూసే ఆఖరి సినిమా ఇదే." అక్క ఊరికే బెదిరించే మనిషి కాదు. కాపలాకి నన్ను మధ్యలో కూర్చోబెట్టింది.

కథేమిటంటే, హీరోయిన్‌కి మందులేని జబ్బు. మందు కనిపెట్టేదాకా ఆమెను గాజుపెట్టెలో గడ్డకట్టించి నిద్రపుచ్చుతారు. హీరో రోజూ వచ్చి పక్కన కూర్చుని కబుర్లు చెబుతాడు. నలభై ఏళ్ళు! పాటలు బాగున్నాయి. జుట్టంతా నెరిసినా హీరో పన్ను ఒక్కటీ ఊడకపోవడం నాకే వింతగా తోచింది. అయినా దిగమింగుకున్నాను.

బావ కూడా ఊరుకున్నాడు, నా మోకాలు పిసుకుతూ. ఇంటర్వెల్ తరవాత పెట్టె తలుపు వదులై పొగలు బయటికొచ్చాయి. ముసలి హీరో తలుపుకి వీపు ఆనించి మూడు రోజులు అలాగే నిలబడ్డాడు. హాలంతా ముక్కులు చీదుతోంది.

బావ లేచి నిలబడ్డాడు. "రబ్బరు పోయిందిరా! తలుపు రబ్బరు! పది నిమిషాల పని, దానికింత ఏడుపా?"

తలలన్నీ మావైపు తిరిగాయి. ఈయనెవరో నాకు తెలియనట్టు తెరకేసి చూశాను.

అక్క గొంతు పెంచనే లేదు. "పాపం, ఆయనకి రబ్బరు సంగతి తెలీక వీపు పెట్టాడండీ. తెలిసినవాళ్ళయితే స్టూలు పెట్టిస్తారు."

"స్టూలేమిటమ్మా?" అంది ముందు వరసలో ఒకావిడ.

అక్క చెప్పింది, వివరంగా. అక్కడ హీరోయిన్ కరుగుతోంటే మూడు వరసలవాళ్ళు మా ఫ్రిజ్ కథ విన్నారు. "మెకానిక్ అయ్యుండీనా!" అని ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది.

మర్నాడు పొద్దున నేను కాఫీకి వెళ్ళేసరికి అక్క ఇంకా ఆయనతో పలకడం లేదు. బావ షాపు తెరవకుండా, కొత్త రబ్బరు వేడినీళ్ళలో మెత్తబరిచి తలుపుకి బిగిస్తున్నాడు. పది నిమిషాల పని గంటన్నర పట్టింది. అక్క వచ్చి అలవాటుగా కాలు జాపింది. స్టూలు లేదు. తలుపు సందులో కాగితం ముక్క పెట్టి, మూసి, లాగి చూసింది. ఊడి రాలేదు.

"ఇప్పుడు చెప్పండి. ఆ సినిమాలో మంచన్నది ఒక్కటీ లేదా?"

బావ స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ ఆలోచించాడు. "కంప్రెసర్ ఎక్కడుందో చూపించలేదు. కరెంటు పోతే ఏం చేస్తారో చెప్పలేదు. నలభై ఏళ్ళలో ఒక్క సర్వీసింగూ లేదు. కానీ..." గొంతు తగ్గింది. "మూడు రోజులు తలుపు వదల్లేదు చూశావూ, ఆ ముసలాడు. అది బాగుందే."

అక్క కాసేపు తలుపు తెరుస్తూ మూస్తూ ఉండిపోయింది. "మ్యాట్నీకి పదండి, మళ్ళీ చూద్దాం. నిన్న నేనే వాగుతూ కూర్చుని క్లైమాక్స్ పోగొట్టుకున్నాను."

"మరి బావమరిదో?"

"వాడెందుకింక? స్టూలు కూడా తీసేశాంగా!"