గంట లేని తాడు

గేటు పిన్నికి కోపం ముక్కు మీదే ఉంటుంది. సిస్టరమ్మల సన్మానం నాడు అది అక్కడ కూడా ఆగలేదు.

సిస్టరమ్మల మఠం లోపలి వరండాలో ఒక ఇత్తడి గంట ఉండేది. దాని తాడు గోడ కన్నంలోంచి వీధిలోకి వేలాడేది. జ్వరమొచ్చినా, నొప్పులొచ్చినా, ఇంట్లోంచి గెంటేసినా ఎవరైనా వచ్చి లాగొచ్చు. గంట మోగిందంటే సిస్టరమ్మలు చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి లేవాల్సిందే. అది వాళ్ళ కట్టుబాటు. పిన్ని చిన్నప్పుడు జ్వరంతో మాట పడిపోయిన తల్లిని ఆ గుమ్మంలో కూర్చోబెట్టి, తాడు అందక ఎగిరెగిరి లాగింది. తల్లి బతికింది. కూతురు అక్కడే పెరిగి ఆ గేటుకే కాపలా మనిషైంది. జీతం అంతంతమాత్రం, పెత్తనం మాత్రం బోలెడు.

మఠం పెట్టి నూరేళ్ళయిందని ఊరి పెద్దలు సన్మాన సంఘం కట్టారు. అధ్యక్షుడు పైపుల కొట్టాయన. ఆయన ముందురోజే గంట విప్పించి, తళతళలాడేలా తోమించి, అద్దాల పెట్టెలో వేదిక మీద పెట్టించాడు. తాడు మాత్రం కన్నంలో అలాగే ఉంది.

"ఎవరైనా వస్తే ఎలాగండీ?" అంది పిన్ని.

"ఒక్కపూటకి కొంప మునగదులే పిన్నీ. అది సేవకి గుర్తు, జనం చూడాలి."

"అది చూడ్డానికి కాదండీ. మేస్త్రీ పెళ్ళానికి నెలలు నిండాయి. పోయినసారి బిడ్డ దక్కలేదు."

"నువ్వు గేటు చూసుకో. కార్డు లేనివాళ్ళని రానివ్వకు."

పెద్ద సిస్టరమ్మకి చెప్పుకుంటే, "ప్రేమగా చేస్తున్నారు, ఎలా కాదనను?" అని నసిగింది. పిన్నికి ఒళ్ళు మండిపోయింది. ఎవరికి చెప్పినా నవ్వేవాళ్ళే.

సభ మొదలైంది. పురుళ్ళ సిస్టరమ్మతో సహా అందరినీ వేదికెక్కించి ఒళ్ళో పూలగుత్తులు పెట్టారు. "ఎవరు ఎప్పుడు పిలిచినా పలికిన తల్లులు" అని మైకు చెవులు చిల్లులు పొడుస్తోంది. ముఖ్య అతిథి కారు కోసం పెద్ద గేటు తీసి, పిన్ని మళ్ళీ తాడు దగ్గరికొచ్చింది. మేస్త్రీ తాడు లాగుతున్నాడు. పెళ్ళాం మెట్ల మీద పళ్ళు బిగబట్టుకుని కూర్చుంది.

"ఎంతసేపు లాగినా ఎవరూ రావట్లేదేంటి పిన్నీ?"

పిన్ని లోపలికి పరిగెత్తింది. వేదిక మెట్ల దగ్గర పైపుల కొట్టాయన అడ్డమొచ్చాడు. "ముఖ్య అతిథి గారు ఇప్పుడే వచ్చి కూర్చున్నారు, ఆగు."

ఆయన్ని పక్కకి నెట్టి, అద్దాల పెట్టె తెరిచి, గంటని రెండు చేతులా ఎత్తి మోగించింది.

సిస్టరమ్మలంతా ఒక్కసారే లేచారు. పూలగుత్తులు కింద పడ్డాయి. చక్రాల కుర్చీలోని ముసలి సిస్టరమ్మ కూడా చేతులు ఊని లేవబోయింది. పురుళ్ళ సిస్టరమ్మ అప్పటికే మెట్లు దిగేసింది. "దయచేసి కూర్చోండి" అని మైకు బతిమాలుతోంది. ఎవరూ కూర్చోలేదు. ఇదీ కార్యక్రమంలో భాగమేనా అని ముఖ్య అతిథి పక్కవాళ్ళని అడిగాడట.

వందన సమర్పణ కాకముందే ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

గంటని పిన్నే స్టూలెక్కి బిగించింది. బిగిస్తున్నంతసేపూ పైపుల కొట్టాయన్ని తిట్టింది. మేస్త్రీ ఆ వట్టి తాడు నమ్మకంగా లాగుతూ నిలబడ్డం ఆమెకి ఇప్పటికీ కళ్ళల్లో మెదులుతుంది. అందుకే రోజూ గేటు తీయగానే ముందు బయటికెళ్ళి, తాడు ఒకసారి తనే లాగి చూసుకుంటుంది.